ముచ్చటలో యంత్రం, నీరు, కాలం: నిజామాబాదు – బోధన్ చెరకు ప్రాంత వ్యావహారిక పదజాల చరిత్ర

ప్రవేశిక

తెలుగు సాహిత్య చరిత్రలో నిజామాబాదు పేరు రాగానే ఖిల్లా జైలు గుర్తుకు వస్తుంది. నిజాం పాలన చివరి రోజుల్లో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ బందీలుగా ఉన్నారు. దాశరథి ఆ జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి పాఠ్యపుస్తకాల దాకా చేరింది. అదే కాలంలో ఖిల్లాకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని బోధన్‌లో చెరకు గానుగాడుతున్నది. మంజీర నీళ్లు కాలువల వెంట ఊళ్లకు చేరుతున్నవి. వీటి గురించి జనం రోజూ మాట్లాడుకున్న మాటలు మాత్రం ఏ గోడ మీదా నిలవలేదు.

తెలంగాణలో ఇటువంటి మాటలకు ‘ముచ్చట’ అని పేరు. కోస్తా వ్యవహారంలో ముచ్చట అంటే ప్రధానంగా కోరిక, వేడుక. తెలంగాణ వ్యవహారంలో అది సంభాషణ, సంగతి. చెరువు కట్ట మీద, చాయ్ హోటల్లో, తూకం దగ్గర బండి వంతు కోసం ఎదురుచూస్తూ చేసుకునే ముచ్చటలో నీటి మట్టం, యంత్రం మరమ్మతు, పంట ధర, వాన జాడ, పెళ్లి ఖర్చు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సాంకేతికత, విజ్ఞానం, సంస్కృతి, వాతావరణం అనే విభజన గ్రంథాలయపు అరలకు చెందినదే తప్ప ముచ్చటకు చెందినది కాదు.

నిజామాబాదు – బోధన్ ప్రాంతంలో 20వ శతాబ్దిలో వచ్చిన సాంకేతిక మార్పులను వ్యావహారిక పదజాలం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. స్థలనామాలు, నీటిపారుదల పదాలు, చక్కెర పరిశ్రమ పదాలు, రుతుసంబంధ పదాలు ఇందుకు ఆకరాలు. ప్రభుత్వ పత్రాలు, ముద్రిత శాస్త్రభాష వేరువేరుగా చూపిన విషయాలను జనవ్యవహారం కలిపి చూసిందనీ, కొన్ని సందర్భాల్లో పత్రాల కన్నా అదే వాస్తవానికి దగ్గరగా ఉన్నదనీ ఈ పరిశీలనలో తేలుతుంది.

ఒకే ధాతువు, మూడు పేర్లు

ఇందూరు అనే పూర్వనామం స్థానంలో నిజామాబాదు అనే పేరు 1905లో స్థిరపడింది. సికింద్రాబాదు – మన్మాడు రైలుమార్గం ఈ పట్టణం మీదుగా పోవడం ఆ మార్పునకు నేపథ్యం. రైలు స్టేషను పలక మీది పేరే ఊరి పేరు కావడం సాంకేతికత భాషను మార్చిన తొలి ఉదాహరణగా చెప్పవచ్చు. బోధన్‌ను బహుధాన్యపురంగా పేర్కొనే సంప్రదాయం ఉంది. ధాన్యంతో గుర్తింపు పొందిన ఆ ఊరి పక్కనే 1930ల చివర చక్కెరతో గుర్తింపు పొందిన కొత్త నివాసం ఏర్పడింది. అదే శక్కర్‌నగర్.

నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో సంస్థగా ఏర్పడి, ఆ మరుసటి ఏడాది నుంచి ఉత్పత్తి ప్రారంభించింది. బ్రిటిష్ ఇండియాలో 1932 నాటి చక్కెర పరిశ్రమ రక్షణ చట్టం తరువాత దేశమంతటా కొత్త మిల్లులు వెలసిన కాలమది. ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్దదని పేరుపొందిన ఈ కర్మాగారాన్ని జనం మూడు మాటలతో వ్యవహరించారు. కంపెనీ పేరులో ‘షుగర్’, కాలనీ పేరులో ‘శక్కర్’, ఇంటి వంటలో ‘చక్కెర’. ఈ మూడింటికీ మూలం సంస్కృత ‘శర్కర’. గరుకు ఇసుక, చిన్న రాయి అనే అర్థం గల ఈ పదం ప్రాకృతం మీదుగా తెలుగు చక్కెర అయింది. పారసీకం మీదుగా ఉర్దూ శక్కర్ అయింది. అరబ్బీ, ఐరోపా భాషల మీదుగా తిరిగివచ్చి షుగర్ అయింది. వేర్వేరు కాలాల్లో వేర్వేరు దారుల్లో ప్రయాణించిన ఒకే పదం బోధన్ శివారులోని ఒకే ఆవరణలో మూడు రూపాల్లో నిలిచింది. పాలనకు ఉర్దూ, యంత్రానికి ఇంగ్లీషు, ఇంటికి తెలుగు అన్న నాటి వ్యవస్థకు ఇంతకన్న స్పష్టమైన నిదర్శనం అవసరం లేదు.

నాలుగో మాట కూడా ఉంది. నిజాంసాగర్ కాలువలు పారిన తర్వాత కోస్తా జిల్లాల రైతులు పెద్ద సంఖ్యలో వచ్చి బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ ప్రాంతాల్లో భూములు కొని స్థిరపడ్డారు. వారి నివాసాలకు ‘క్యాంపు’ అనే పేరు వచ్చింది. తాత్కాలిక విడిది అనే అర్థమున్న ఆ పదం మూడు తరాలు గడిచినా ఊరి పేరు చివర అలాగే ఉన్నది. వారితోపాటే ‘పంచదార’ ఈ ప్రాంతపు దుకాణాల్లోకి వచ్చింది. చక్కెర అడిగేవారూ పంచదార అడిగేవారూ ఒకే కర్మాగారపు సరుకునే కొన్నారు. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో ఆ ఒక్క మాటతోనే దుకాణదారుకు తెలిసిపోయేది.

పంటల కాలాల పేర్లలో ఈ పొరలు మరింత స్పష్టంగా కనిపిస్తాయి. నిజాం రెవెన్యూ భాషలో ఆబి, తాబి. స్థానిక రైతు మాటలో వానాకాలం, యాసంగి. కృష్ణా గోదావరి డెల్టాల నుంచి వచ్చినవారి మాటలో సార్వా, దాళ్వా. వ్యవసాయ శాఖ పత్రాల్లో ఖరీఫ్, రబీ. ఏడాదిలోని రెండు పంటలకు నాలుగు జతల పేర్లు ఒకే కాలువ కింద వాడుకలో ఉన్నాయి. వీటిలో ప్రతి జతా ఒక్కో అధికారానికి, ఒక్కో వలసకు గుర్తు. తెలంగాణ ప్రభుత్వం 2020లో ఖరీఫ్, రబీ పదాలకు బదులు వానాకాలం, యాసంగి అనే పదాలనే అధికారికంగా వాడాలని నిర్ణయించింది. వ్యవహారం నుంచి పత్రంలోకి పదం ప్రయాణించిన అరుదైన సందర్భాలలో ఇది ఒకటి.

నీటి భాష: నీరడి నుంచి లష్కర్ దాకా

ఈ ప్రాంతపు నీటిపారుదల పదజాలానికి పునాది చెరువు. కట్ట, తూము, మత్తడి, అలుగు, శిఖం, పూడిక, ఒండ్రు అనే పదాలు చెరువు నిర్మాణాన్నే కాక దాని నిర్వహణ పద్ధతిని కూడా తెలుపుతాయి. తూము తెరిచి ఎవరి మడికి ఎంత నీరు పారాలో చూసే మనిషి నీరడి. అతడు ఊరి మనిషి. పంట కోత వేళ కళ్లంలో రైతులిచ్చే ‘మేర’ అతని జీవనాధారం. నీటి పంపకంలో తేడా వస్తే నిలదీయడానికి అతడు అందుబాటులో ఉండేవాడు.

నిజాంసాగర్ నిర్మాణంతో ఈ వ్యవస్థ స్వరూపం మారింది. గోదావరి ఉపనది మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ ఆనకట్టకు ప్రధాన సూత్రధారి హైదరాబాదు రాజ్యపు చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ఇప్పుడు ఇంజనీర్ల దినోత్సవంగా పాటిస్తున్నది. సుమారు 30 టీఎంసీల నిల్వ, 2,75,000 ఎకరాల ఆయకట్టు లక్ష్యంగా రూపొందిన ఈ నిర్మాణం లేకపోతే బోధన్‌లో చక్కెర కర్మాగారం లేదు. కారణం సులభంగానే తెలుస్తుంది. చెరకు పది నుంచి పన్నెండు నెలల పంట. ఆ వ్యవధిలో దానికి 1500 నుంచి 2500 మిల్లీమీటర్ల నీరు కావాలి. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 1000 మిల్లీమీటర్లు. అదీ ఎక్కువగా నాలుగు నెలల్లోనే పడుతుంది. మిగిలిన నీటిని కాలువే తేవాలి. అందువల్ల ఈ ప్రాంతపు చెరకును వాన పంట అనడం కన్న కాలువ పంట అనడమే సరైనది.

కాలువతో కొత్త పదాలు వచ్చాయి. చెరువు స్థానంలో ‘ప్రాజెక్టు’ వచ్చింది. ఇంగ్లీషులో పథకం, ప్రణాళిక అనే అర్థమున్న ఈ పదం తెలుగు వ్యవహారంలో జలాశయానికే పేరైంది. ప్రాజెక్టు నిండింది, ప్రాజెక్టు ఎండింది, ప్రాజెక్టు గేట్లు ఎత్తారు అనే వాక్యాలలో కనిపించేది నీరే తప్ప ప్రణాళిక కాదు. తలపెట్టిన పనిని సూచించే మాటను జనం కంటి ముందున్న వస్తువుకు అన్వయించుకున్నారు. పాలకుల పేర్లకూ జనం పేర్లకూ మధ్య ఎడం కూడా ఇక్కడ గమనించదగినది. గోదావరి మీద 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట తరువాత శ్రీరాంసాగర్ అయినా, జనం నోట పోచంపాడుగా మిగిలింది. నీళ్లు ఏ ఊరి దగ్గర ఆగాయో ఆ ఊరి పేరునే ముచ్చట నిలుపుకున్నది.

నీరడి స్థానంలో ‘లష్కర్’ వచ్చాడు. పారసీకంలో సైన్యమనే అర్థం గల ఈ పదం నీటిపారుదల శాఖలో కాలువ గేట్ల దగ్గర పనిచేసే ఉద్యోగికి స్థిరపడింది. నీరడికి మేర ఇచ్చేది ఊరు. లష్కర్‌కు జీతమిచ్చేది శాఖ. నీరడి జవాబు చెప్పవలసింది రైతుకు. లష్కర్ జవాబు చెప్పవలసింది పై అధికారికి. కాలువ చివరి భూముల రైతు తన గోడు వినిపించవలసిన చోటు ఊరి కట్ట నుంచి డివిజన్ ఆఫీసుకు జరిగింది. ఒక పదం పోయి మరొక పదం రావడం వెనుక బాధ్యత చేతులు మారిన చరిత్ర ఇంత ఉన్నది.

పూడిక కథ ఇంతకన్న ముఖ్యమైనది. చెరువు పూడుతుందని ఊరికి తెలుసు. వేసవిలో శిఖంలోని ఒండ్రును బండ్లతో పొలాలకు తోలుకోవడం ఆనవాయితీ. చెరువుకు లోతు, చేనుకు సత్తువ ఒకే పనితో సమకూరేవి. పూడిక అనే మాటలోనే పూడికతీత ఇమిడి ఉండేది. పెద్ద ఆనకట్టకు అటువంటి ఆనవాయితీ ఏర్పడలేదు. మంజీర తెచ్చిన ఒండ్రుతో నిజాంసాగర్ నిల్వ సామర్థ్యం నాలుగు దశాబ్దాల్లో 12 టీఎంసీల లోపునకు పడిపోయింది. దానికి కనుగొన్న పరిష్కారం నీటి మట్టాన్ని 1400 అడుగుల నుంచి 1405 అడుగులకు పెంచడం. 1970లలో చేపట్టిన ఆ పనితో సామర్థ్యం సుమారు 18 టీఎంసీలకు చేరింది. ఒండ్రు మాత్రం అడుగున అలాగే ఉండిపోయింది. ఎగువన సింగూరు జలాశయం ఏర్పడి, అక్కడి నీరు హైదరాబాదు నగరపు దాహానికి మళ్లిన తర్వాత నిజాంసాగర్ కింది రైతు చూపు సొంత ఆకాశం మీద ఎంతో, సింగూరు గేట్ల మీదా అంత నిలిచింది.

నీటి మాటల చరిత్రలో మరో మలుపు 2015లో వచ్చింది. చెరువుల పునరుద్ధరణకు ఉద్దేశించిన మిషన్ కాకతీయను ఆ ఏడాది మార్చి 12న నాటి నిజామాబాదు జిల్లాలోని సదాశివనగర్‌లోనే ప్రారంభించారు. పథకం పేరు ఇంగ్లీషు, చారిత్రక నామాల కలయిక. దాని పని మాత్రం ‘పూడికతీత’ అనే పాతమాటతోనే ప్రచారం పొందింది. దశాబ్దాలుగా శాఖాపత్రాల అంచున ఉన్న పదం ప్రభుత్వ ప్రకటనల్లోకి తిరిగి వచ్చింది.

గానుగ నుంచి కర్మాగారం దాకా

చక్కెర మిల్లు రాకముందు చెరకు రసానికి గమ్యం బెల్లం. కామారెడ్డి బెల్లం మార్కెట్టుగా పేరు పొందడం ఈ సంప్రదాయపు బలాన్ని చూపుతుంది. గానుగ, పిప్పి, పొయ్యి, పెనం, పాకం, మడ్డి అనేవి బెల్లపు పదాలు. రసాన్ని మరిగించేటప్పుడు కొంచెం సున్నం వేస్తే మలినాలు తేలిపోతాయి. బెండ జిగురు కూడా అందుకు పనికివస్తుంది. పాకం సరిగ్గా వచ్చిందో లేదో చన్నీళ్లలో చుక్క వేసి, ఉండ కడుతుందో లేదో చూసి తేల్చుకుంటారు. దీనిలో ఆమ్లాన్ని క్షారం విరచడం, మలినాలను జిగురు పట్టడం, ద్రావణ సాంద్రతను అంచనా వేయడం అనే శాస్త్రవిషయాలున్నాయి. అయితే వాటికి శాస్త్రమనే పేరు లేదు. వంట, పని అనే పేర్లే ఉన్నాయి.

కర్మాగారంలో జరిగేదీ మూలతః ఇదే. రసానికి సున్నం కలిపి, గంధకపు పొగ పట్టించి మలినాలను వేరుచేస్తారు. గాలి తీసేసిన మూత పాత్రలో పీడనం తగ్గించి మరిగించడం వల్ల రసం తక్కువ వేడికే చిక్కబడుతుంది, చక్కెర మాడిపోదు. ఆపై వేగంగా తిరిగే యంత్రంలో స్ఫటికాలు ఒకవైపు, మొలాసిస్ మరోవైపు విడిపోతాయి. సున్నం అదే, మరగడం అదే; మాటలు మాత్రం మారాయి. పాకం చూసే మనిషి పాన్‌మన్ అయ్యాడు. ఫిట్టరు, బాయిలరు, టర్బైను, షిఫ్టు, ఓవర్‌టైము తెలుగు ప్రత్యయాలతో కలిసి తెలుగు మాటలైపోయాయి. మిల్లు నుంచి వచ్చిన పిప్పి మాత్రం ఇంగ్లీషు పేరుకు లొంగలేదు; బాయిలరులో ఇంధనంగా మండినా అది పిప్పిగానే ఉండిపోయింది. ముందే పేరున్న వస్తువుకు పాతమాటే నిలిచింది. ముందు లేని పనికి పరాయిమాట వచ్చింది. ఆదానపదాలను భాషా కాలుష్యంగా చూసే ధోరణికి ఈ క్రమబద్ధత సమాధానం చెబుతుంది.

రైతు, కర్మాగారం కలిసే చోట పుట్టిన పదాలు మరింత బరువైనవి. ‘పర్మిట్’ అంటే చెరకు తోలుకోవడానికి కర్మాగారం ఇచ్చే అనుమతి. నరికిన చెరకులో చక్కెర శాతం గంటగంటకూ తగ్గుతుంది కాబట్టి పర్మిట్ ఆలస్యం నేరుగా నష్టమే. ‘రికవరీ’ అంటే వంద కిలోల చెరకు నుంచి వచ్చే చక్కెర కిలోల సంఖ్య. కేంద్రం 2009లో ప్రవేశపెట్టిన న్యాయమైన, గిట్టుబాటు ధర విధానం ఈ సంఖ్య మీదే ఆధారపడింది. మూల ధరకు ప్రాతిపదిక అయిన రికవరీ మొదట 9.5 శాతం, 2018–19 నుంచి 10 శాతం, 2022–23 నుంచి 10.25 శాతం. గడను కొరికి తీపి చెప్పగలిగిన రైతుకు ఈ సంఖ్యను కొలిచే సాధనం అందుబాటులో లేదు. అది ప్రయోగశాలలో తేలుతుంది. తీపి నోటి నుంచి పరికరానికి మారినప్పుడు ధర మీద మాట కూడా రైతు చేతి నుంచి జారింది. బ్యాంకు అప్పు వసూలుకు కూడా వ్యవహారంలో రికవరీ అనే పేరే ఉండటం ఈ ప్రాంతపు రైతుకు కేవలం భాషావిశేషంగా తోచదు.

విత్తనంలోనూ ఇదే పరిణామం. కోయంబత్తూరులో 1912లో ఏర్పడిన చెరకు ప్రజనన కేంద్రంలో సాగు చెరకును అడవి జాతి రెల్లుచెరకుతో సంకరపరచి కొత్త రకాలు సృష్టించారు. దక్షిణ భారతమంతటా వ్యాపించిన కో 419, ఆ తర్వాతి కాలంలో కో 86032 అక్కడివే. ‘కో’ అంటే కోయంబత్తూరు. 86 అంటే ఆ రకాన్ని ఎంపిక చేసిన ఏడాది. గడ రంగును బట్టో, పుట్టిన ఊరిని బట్టో పేరు పెట్టే సంప్రదాయం పోయి అంకె పేరైంది. నిజాంసాగర్ ఆయకట్టులోని రుద్రూరు పరిశోధన కేంద్రం చెరకు, వరి రకాలను ఈ నేలకు తగినట్టు పరీక్షించే పనిని చేపట్టింది. శాస్త్రజ్ఞుని నోటు పుస్తకంలోని సంఖ్య రైతు ముచ్చటలో సహజంగా కలిసిపోవడం నిరక్షరాస్యులకు శాస్త్రం అందదన్న అభిప్రాయాన్ని ఖండిస్తుంది.

ముద్రిత శాస్త్రం, దూరంగా ఉన్న ముచ్చట

ఇదే కాలంలో తెలుగులో శాస్త్రరచన లేకపోలేదు. విజ్ఞాన చంద్రికా మండలి 1906లో హైదరాబాదులోనే పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారి కృషితో చరిత్ర, శాస్త్ర గ్రంథాలు వెలువడ్డాయి. అయితే రెండేళ్లకే మండలి కార్యస్థానం మద్రాసుకు మారింది. హైదరాబాదులో 1917లో ఏర్పడిన అనువాద సంస్థ దారుత్తర్జుమా ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం శాస్త్రపరిభాషను ఉర్దూలో నిర్మించింది. భారతీయ భాషలో ఉన్నత విద్య నేర్పడానికి జరిగిన గొప్ప ప్రయత్నమది. కానీ ఇందూరు రైతు ఇంటి భాష ఉర్దూ కాదు. మద్రాసు నుంచి వచ్చే తెలుగు పుస్తకపు భాష అతని వ్యవహారానికి దూరం. మిల్లులోని యంత్రం మీది అక్షరాలు ఇంగ్లీషు. మూడు విజ్ఞానధారల మధ్య నిలిచి, మూడింటి నుంచీ కావలసినంత తీసుకొని తన పని నడుపుకున్నది ముచ్చట.

1937 ఈ దృష్టితో ముఖ్యమైన సంవత్సరం. చక్కెర కర్మాగారం సంస్థగా ఏర్పడిన ఆ ఏడాదే ఆరవ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ నిజామాబాదులో జరిగింది. అధ్యక్షుడు మందుముల నరసింగరావు. తెలుగువారి మహాసభకు అధ్యక్షత వహించిన ఆయన ఉర్దూలో ‘రయ్యత్’ పత్రికను నడిపిన సంపాదకుడు కావడం నాటి బహుభాషా వాస్తవానికి అద్దం పడుతుంది. మాతృభాషలో విద్య కోసం సాగిన ఉద్యమమూ, యంత్రాల ద్వారా ఇంగ్లీషు పదాలు పొలానికి చేరిన ప్రక్రియా ఒకే పట్టణపు పరిసరాల్లో ఏకకాలంలో నడిచాయి. మొదటిదానికి చరిత్ర రాశారు. రెండోదానికి రాయలేదు.

భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను, 1971 నాటి రెండో సంపుటం చేనేత పదాలను జిల్లాలవారీగా నమోదు చేసింది. పండితుడు కల్పించిన పదానికి బదులు పనివాడు వాడిన పదాన్ని ప్రమాణంగా స్వీకరించిన ఆ పద్ధతి తెలుగు భాషాశాస్త్రంలో పెద్ద మలుపు. అయితే ఆ కృషి ప్రధానంగా సంప్రదాయ వృత్తుల చుట్టూ సాగింది. కర్మాగారపు పని కూడా వృత్తే. అక్కడి కార్మికుడు కూడా పదనిర్మాతే.

కాలం అనే మాట

వాతావరణం, శీతోష్ణస్థితి అనేవి పాఠ్యపుస్తకపు మాటలు. ఈ ప్రాంతపు వ్యవహారంలో వాటి పనిని ఎక్కువగా చేసేది ‘కాలం’. వాన సమయానికి పడి పంట చేతికొస్తే కాలం అయింది. లేకపోతే కాలం కాలేదు. సమయం, రుతువు, వాన, పంట ఈ ఒక్క పదంలో కలిసి ఉన్నాయి. కాలం మారిందని ఒక పెద్దమనిషి అన్నప్పుడు అది పిల్లల నడవడిని గురించో, మిరుగు కార్తెలో రాని వానను గురించో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. చాలాసార్లు రెండింటినీ గురించే. సాంస్కృతిక పరివర్తననూ వాతావరణ పరివర్తననూ వేరుచేయని ఈ మాటను అస్పష్టతగా తోసిపుచ్చరాదు. పంటను బట్టే పెళ్లి, చదువు, అప్పు, వలస నిర్ణయమయ్యే సమాజంలో అవి నిజంగానే వేరు కావు.

ఈ కాలాన్ని లెక్కించడానికి కార్తెలు సాధనం. రోహిణిలో రోళ్లు పగలడం, మఖ పుబ్బలు వరుపైతే కరువు రావడం వంటి సామెతలు వర్షపాతపు అనుభవాన్ని సూత్రీకరించాయి. కార్తెల పక్కనే నిజాం పాలనలో శిస్తు లెక్కకు ఫసలీ సంవత్సరం ఉండేది. కర్మాగారం వచ్చాక, సాధారణంగా నవంబరు నుంచి ఏప్రిల్ వరకు సాగే క్రషింగ్ సీజన్ మూడో పంచాంగమైంది. నాటడం కార్తెను బట్టి, శిస్తు ఫసలీని బట్టి, నరకడం సీజన్‌ను బట్టి జరిగాయి. మూడు పంచాంగాలను మనసులో పెట్టుకొని ఒక పొలం నడిపించడం సామాన్యమైన నైపుణ్యం కాదు.

అయినా వ్యావహారిక జ్ఞానాన్ని దోషరహితంగా భావించనక్కరలేదు. కార్తెలు నక్షత్రాలను ఆధారం చేసుకున్న నిరయణ గణన. భూమి అక్షం నెమ్మదిగా తిరగడం వల్ల సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున కార్తెకూ రుతువుకూ మధ్య ఎడం పెరుగుతుంది. వెయ్యేళ్లలో అది రెండు వారాలు. సామెతలు పుట్టినప్పటి మిరుగు, నేటి జూన్ రెండో వారపు మిరుగు రుతుపరంగా ఒకటి కాకపోవచ్చు. ఈ నిదానమైన జరుగుబాటును తరాల అనుభవం సర్దుకోగలిగింది. 2015లో నిజాంసాగర్ దాదాపు ఎండిపోయి, మరుసటి ఏడాది సెప్టెంబరులో వరద గేట్లు ఎత్తవలసి రావడం వంటి తీవ్ర హెచ్చుతగ్గులను సర్దుకోవడానికి సామెత ఒక్కటే చాలదు. అక్కడ వర్షమాపకం, ఉపగ్రహ చిత్రం కావాలి. అవి చెప్పే సంగతి రైతుకు ‘కాలం’ భాషలో చేరాలి.

మరొక పరిమితి కూడా ఉంది. కట్ట మీద ముచ్చట అందరిదీ కాదు. అది ఎక్కువగా భూమి ఉన్న మగవారి ముచ్చట. కలుపు తీసే కైకిలి స్త్రీల మాటలు, చెరకు కొట్టే ముఠాల మాటలు, పొరుగున ఉన్న మరాఠీ ప్రాంతం నుంచి వచ్చిన కూలీల మాటలు అందులో తక్కువగా వినిపించాయి. గడ అంచు కోసిన చేతికి, ఆకు నూగుతో వచ్చిన దురదకు వారు వాడిన పదాలే ఈ పరిశ్రమ చరిత్రలో అన్నిటికన్న తక్కువగా నమోదైనవి.

లే ఆఫ్, మూత

ప్రభుత్వరంగంలోని నిజాం షుగర్స్ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి మారింది. 51 శాతం వాటా ప్రైవేటు సంస్థకు చెందగా, నిజాం డెక్కన్ షుగర్స్ అనే ఉమ్మడి సంస్థ ఏర్పడింది. 2015 డిసెంబరు 23న బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి కర్మాగారాల్లో ‘లే ఆఫ్’ ప్రకటించారు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం లే ఆఫ్‌కు, మూసివేతకు వేర్వేరు నిర్వచనాలిచ్చింది. లే ఆఫ్ అంటే ముడిసరుకు కొరత, యంత్రం చెడిపోవడం వంటి కారణాలతో యాజమాన్యం తాత్కాలికంగా పని చూపలేకపోవడం. మూసివేత అంటే పని చోటు శాశ్వతంగా మూతపడడం. పత్రం మొదటి పదాన్ని వాడింది. బోధన్ జనం వాడిన మాట మాత్రం ‘మూతపడ్డది’. తర్వాతి సంవత్సరాలు ఏ పదం నిజమో నిరూపించాయి.

ఇది కేవలం పదాల తగాదా కాదు. ఏ పదం చెల్లుబాటైతే దాన్ని బట్టే కార్మికుని బకాయి, పరిహారం, ఆశ నిర్ణయమవుతాయి. తాత్కాలికమన్న పదం ఉన్నంతకాలం ఎదురుచూపు కొనసాగింది. చెరకు కొనే చోటు లేక రైతులు వరి, సోయా, మొక్కజొన్న వైపు మళ్లారు. సారంగాపూర్‌లోని సహకార చక్కెర కర్మాగారం అంతకుముందే ఆగిపోయింది. పంట మారడంతో పదాలూ వెనక్కు తగ్గాయి. పర్మిట్, క్రషింగ్ సీజన్, రికవరీ అనే మాటల చుట్టూ తిరిగిన ముచ్చట బోధన్ పరిసరాల్లో జ్ఞాపకంగా మారింది. ‘షుగర్’ మాత్రం వాడుకలో మిగిలింది. తెలుగునాట అన్నిచోట్లా ఉన్నట్టే ఇక్కడా అది ఇప్పుడు ఎక్కువగా మధుమేహానికి పేరు.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, నిజామాబాదు – బోధన్ ప్రాంతంలో సాంకేతిక పదాల రాకకు ఒక క్రమం ఉన్నది. తెలిసిన వస్తువుకు తెలుగు పదమే నిలిచింది. కొత్త అధికారానికి ఉర్దూ, కొత్త యంత్రానికి ఇంగ్లీషు పదం వచ్చింది. రెండు, నీరడి – లష్కర్, పాకం – రికవరీ, లే ఆఫ్ – మూత వంటి పదాల జంటలు కేవలం పర్యాయాలు కావు. బాధ్యత, కొలత, హక్కు ఎవరి చేతిలో ఉన్నాయో అవి తెలుపుతాయి. మూడు, జనవ్యవహారం సాంకేతికతను నీటి నుంచి, నీటిని కాలం నుంచి, కాలాన్ని జీవితం నుంచి విడదీయలేదు. పూడికను మరిచిన ఆనకట్ట, చెరకు రైతును నిలుపుకోలేని కర్మాగారం ఆ విడదీతకు చెల్లించిన మూల్యాన్ని చూపుతున్నాయి.

1975లో ఇరవై ఏళ్ల వయసులో శక్కర్‌నగర్ కర్మాగారంలో చేరిన కార్మికునికి నేడు డెబ్బై దాటింది. బాయిలరు ముందు, పాన్ పక్కన, తూకం దగ్గర వాడిన పదాలకు అర్థం చెప్పగలిగినవారు ఆ తరమే. 1962 నాటి వృత్తిపదకోశం అనుసరించిన పద్ధతిలో, చెరకు కొట్టిన కూలీలనూ కలుపు తీసిన స్త్రీలనూ కలుపుకొని చక్కెర పరిశ్రమ పదకోశాన్ని నిర్మించడానికి ఇంకా కొద్ది వ్యవధి మాత్రమే మిగిలి ఉంది. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం డిచ్‌పల్లిలో, ఆ కర్మాగారానికి ఒక గంట ప్రయాణం లోపే ఉన్నది. కర్మాగారం తిరిగి నడవడం ప్రభుత్వాల నిర్ణయం. దాని మాటలు నిలవడం తెలుగు శాఖల చేతిలోని పని.